బంట్రోతు యాడుంటాడో

బెంగళూరు,
9 జూన్ 2024.

మామకు నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారు పడకండి. ఎమ్మిగనూరులో అమ్మ, నాన్న, గిరిధర్ అన్నయ్య, వదిన అందరూ బాగున్నారు. మీకు ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. ఎప్పుడైనా తీసినా "సరే పాపా, ఉత్తరం రాయి" అని పెట్టేస్తారు. అందుకే రాస్తున్నాను. కాగితం మీద తెలుగు రాసి చాలా ఏళ్ళయింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

నేను పెంకు పురుగుల మీద పరిశోదన చేస్తున్నానని మీకు తెలుసు. పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ పాత ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున ఒక అగ్గిపెట్టె దొరికింది. లోపల దూదిలో రెండు ఎండిపోయిన జీరంగులు, ఒక కర్పూరం బిళ్ళ వాసన. అమ్మ చిన్నప్పుడు ఆదోనిలో దాచుకున్నవట. ఒకటి మామూలు జీరంగి. తుమ్మచెట్ల మీద మెరిసే ఆకుపచ్చది, అందరికీ తెలిసిందే. రెండోది నల్లగా, కొంచెం సన్నగా ఉంది. వీపు మీద ఏటవాలుగా చిన్న చిన్న గుంటల వరస ఉంది. అలాంటిది ఇంతవరకు ఏ పుస్తకంలోనూ లేదు. ఇక్కడ మ్యూజియంలో ఉన్న పెట్టెలన్నీ వెతికాను. ఎక్కడా లేదు.

కొత్త జీవి దొరికితే దాన్ని లోకానికి తెలిపే పద్ధతి ఒకటుంది మామా. మీసాల నుంచి కాళ్ళ గోళ్ళ దాకా ఉన్నది ఉన్నట్టు వర్ణించాలి. ఏ ఊళ్ళో, ఏ చెట్టు మీద దొరికిందో రాయాలి. పేరు పెట్టి అచ్చు వేయించాలి. అప్పటిదాకా అది లోకం లెక్కలో లేనట్టే. నా చిక్కు ఏమిటంటే అగ్గిపెట్టెలోని దానికి తల లేదు, చీమలు తినేశాయి. ఏ చెట్టు మీద దొరికిందో తెలియదు. "తల లేని పురుగుకు, ఊరు లేని పురుగుకు నేను సంతకం పెట్టను" అన్నారు మా మేడం. ఆగస్టు నెలాఖరులోగా నిండుగా ఉన్నది ఇంకొకటి దొరకాలి. దొరక్కపోతే నా పరిశోదనలో ఆ అధ్యాయం తీసేయాలి. నాలుగేళ్ళుగా నేను చేసిన పనిలో నాదంటూ ఉండేది ఆ ఒక్కటే.

అమ్మను అడిగితే పొయ్యి దగ్గర నుంచి తిరక్కుండానే ఒక్క మాట అంది. "మీ మామనడుగు. బంట్రోతు యాడుంటాడో వానికే తెలుసు." ఆ బంట్రోతు ఎవరో, ఈ పురుగు ఆయనే తెచ్చి ఇచ్చాడో నాకు తెలియదు. అమ్మ ఇంకేమీ చెప్పలేదు. మీ పేరు వస్తే ఈమధ్య అంతే.

ఆ బంట్రోతు ఇప్పుడు ఎక్కడున్నాడో దయచేసి రాస్తారా? ఉన్నాడా అసలు?

మీ
వర్షిణి


ఆదోని,
17 జూన్ 2024.

చిరంజీవి వర్షిణికి మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అందరం కులాసా అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఇక్కడ నేనొక్కడినే కాబట్టి కులాసాగా ఉన్నానని రాస్తున్నాను. తప్పులు పెద్దగా లేవు. 'పరిశోధన'లో ధకు వత్తు మరిచావు.

మృగశిర కార్తె బాగానే కురిసింది. పత్తి విత్తనం వేస్తున్నారు. నేను ఉదయం పూట మార్కెట్ యార్డులో ఒక ధాన్యం కొట్టుకు లెక్కలు రాసి వస్తున్నాను. మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే ఉంటాను. పక్కింట్లో మేరి అని ఆసుపత్రిలో నర్సు ఉంది. మంచి మనిషి. వేరే విశేషాలు లేవు.

నీవు అడిగిన బంట్రోతు గురించి. నేను పనిచేసిన పత్తి మిల్లులో బంట్రోతు ఒక్కడే, తిమ్మన్న. మిల్లు మూతపడి చాలా కాలమైంది. ఆయన ఆస్పరి దగ్గర కైరుప్పలలో కూతురింట్లో ఉన్నాడని విన్నాను. అదే మిల్లులో పనిచేసే మీ తాతకు అన్నం క్యారియరు తీసుకుపోవడానికి రోజూ మా ఇంటికి వచ్చేవాడు. అక్కకు పురుగును తెచ్చి ఇచ్చాడా అంటే నాకు గుర్తు లేదు. ఇచ్చి ఉండవచ్చు. పిల్లలంటే ఇష్టపడేవాడు. నేను పోయి అడిగి వస్తాను. ఉత్తరం రాస్తే ఆయన చదవలేడు.

జీరంగుల మాట మాత్రం బాగా గుర్తుంది. అప్పట్లో మా వీధి దాటితే కొండ దాకా తుమ్మచెట్లే. పత్తి బండ్లు మిల్లు వాకిలి నుంచి ఆ చెట్ల దాకా వరసగా నిలిచేవి. బండివాళ్ళు చెట్ల కింద పడుకునేవాళ్ళు. వానలు పడినాక మేము బండ్ల మధ్య నుంచి దూరి పోయేవాళ్ళం. అక్క జీరంగులను పట్టేది. నేను తుమ్మాకు కోసేవాణ్ణి. ముళ్ళు నాకు, పురుగులు ఆమెకు. మెడకు దారం కట్టి ఎగరేస్తే చెవి పక్కన గుయ్యిమని తిరిగేవి. ఆ మోత ఇప్పటికీ తలుచుకుంటే వినిపిస్తుంది. ఇప్పుడు అక్కడ చెట్లు లేవు, ఇళ్ళు ఉన్నాయి.

అక్క ఆరోగ్యం ఎలా ఉంది? నేను అడిగినట్టు చెప్పు.

ఇట్లు
ఆంజనేయులు


బెంగళూరు,
25 జూన్ 2024.

మామకు నమస్కారాలు.

తిమ్మన్న గారి ఆచూకీ తెలిసినందుకు నిన్నంతా సంతోషంగా ఉన్నాను. పరిశోధనలో వత్తు ఇకముందు మరవను.

మీరు అడిగినట్టు అమ్మకు ఫోన్లో చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో. "అడిగేవాడైతే పెండ్లిలో పిలిచినప్పుడు తిరిగి చూసేవాడు" అంది. అన్నయ్య పెళ్ళిలో భోజనాల దగ్గర మిమ్మల్ని వెనక నుంచి ఎన్నోసార్లు పిలిచిందట. మీరు తిరగకుండా చేయి కడుక్కుని వెళ్ళిపోయారట. వియ్యపురాలు పక్కనే ఉందట. "మీ తమ్ముడికి కోపమా?" అని ఆమె అడిగితే అమ్మ నీళ్ళ చెంబు తీసుకుని అవతలి పంక్తికి పోయిందట. "ఇంతకాలం వానికి ఎత్తి పెట్టి తినిపించినా గదా, నా పిలుపు అంత చేదయిందా వానికి?" అంది. మామా, ఆ రోజు మీకు ఏదైనా మనసు నొచ్చిందా? నేను చిన్నదాన్ని, అడగకూడదేమో. అయినా అడుగుతున్నాను.

కైరుప్పలలో ఒకవేళ పురుగే దొరికితే ఏం చేయాలో రాస్తున్నాను. చేత్తో ఎక్కువ పట్టుకోవద్దు. మూతకు రంధ్రాలున్న డబ్బాలో వేయండి. ఇంటికి రాగానే డబ్బాను ఫ్రిజ్‌లో ఐసు గట్టే అరలో ఒక రాత్రి పెట్టండి. దానికి నొప్పి తెలియదు, నిద్రలోనే పోతుంది. తర్వాత దూదిలో పెట్టి పంపండి. దొరికిన చోటు, చెట్టు, తేదీ ఒక చీటీ మీద రాయండి. పేరుకు ఆధారంగా ఆ ఒక్కదాన్ని ఇక్కడ మ్యూజియంలో ఎప్పటికీ దాచిపెడతారు. నూరేళ్ళ తర్వాత ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూస్తారు.

దొరికితే దానికి మీ పేరే పెడతాను.

మీ
వర్షిణి


ఆదోని,
8 జూలై 2024.

చిరంజీవి వర్షిణికి ఆశీస్సులు.

ఆదివారం కైరుప్పల పోయి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆస్పరి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. తిమ్మన్న ఇల్లు సులభంగానే దొరికింది. గోడ పక్కన, ఆ ఊళ్ళో ఏటా ఉగాదికి ఆడే పిడకల పోట్లాటలో మిగిలిన పిడకలు ఇంకా కుప్పగా ఉన్నాయి. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు. చెవులు దాదాపు పూర్తిగా పోయాయి. చెవిటివాడు కాబట్టి అరిచి మాట్లాడతాడు. అందువల్ల నాకు బాగానే వినిపించింది.

"ఎవరప్పా?" అన్నాడు.

"లెక్కల ఆంజనేయుల్ని."

"ఎక్కలేనప్పా. మోకాళ్ళు నొప్పి. ఏమున్నా కిందనే మాట్లాడుకుందాం."

"మా అక్కకు చిన్నప్పుడు పురుగు ఇచ్చినావా?" అని చెవి దగ్గర అడిగాను.

"పెరుగా? పొద్దున్నే అయిపాయ. మజ్జిగ ఉంది, తాగుతావా?"

ఆయన కూతురు చాట పక్కన పెట్టి నవ్వింది. "ఒగరు తూర్పుకు పోతాంటే ఒగరు పడమటికి పోతాండారు. మీ ఇద్దరికీ నేను పంచాయితీ సెయ్యాల్నా?" అంది. ఆమె చేతులతో సైగ చేసి అడిగితే అప్పుడు ఆయనకు అర్థమైంది. "పురుగులా? నేనెందుకు ఇస్తానప్పా పసిబిడ్డలకి పురుగులు. బెల్లం ఇస్తాంటి" అన్నాడు. కొంచెం బాధపడ్డట్టు కూడా కనిపించాడు. నేను అడిగినందుకు సిగ్గుపడ్డాను. మా ఇద్దరికీ ఈ చెవుడు మిల్లులో పత్తి గింజ తీసే ఆ జిన్నింగు హాలు మోతే ఇచ్చింది. ఆయనకు రెండు చెవులూ పోయాయి, నాకు ఒకటిన్నర. అందులో చెప్పుకోవలసింది ఏమీ లేదు.

మజ్జిగ తాగి వెనక్కి బయలుదేరాను. ఆటో కోసం ఊరి బయట ఒక తెల్లతుమ్మ కింద నిలబడ్డాను. కొమ్మ మీద నల్లగా ఏదో కదిలింది. నీవు రాసినట్టే సన్నగా ఉంది. కానీ నీవు రాసిన గుంటల వరస కనిపించలేదు. గుంటలు ఉండాల్సిన చోట పసుపు పొడి పూసినట్టు ఒక పట్టీ ఉంది. భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా, రెండు పక్కలా. పక్క నుంచి చూస్తే తాలూకాఫీసు బంట్రోతు భుజానికి అడ్డంగా వేసుకునే డవాలీ పట్టీ లాగా ఉంది.

అప్పుడు గుర్తుకు వచ్చింది పాపా. బంట్రోతు మనిషి కాదు. ఈ పురుగుకు అక్క పెట్టిన పేరు అది. పెద్ద జీరంగి దొరగారు. ఇది బంట్రోతు. అరుదుగా దొరికేది. పట్టుకుంటే డవాలీ వేళ్ళకు అంటుకుని పోయేది. "ఉద్యోగం ఊడింది వీనికి" అనేది అక్క. ఆ మాట ఇన్నేళ్ళు నా తలలో ఎక్కడ ఉందో తెలియదు. ఆటో వచ్చి హారను కొట్టిందట, నేను ఎక్కలేదు. డ్రైవరు దిగి వచ్చి భుజం తట్టాడు.

పట్టి అన్నం డబ్బాలో వేసి తెచ్చాను. చేత్తో తాకలేదు, కొమ్మతో సహా విరిచాను. తెల్లతుమ్మ ఆకు మాత్రమే తింటోంది. మామూలు తుమ్మాకు వేస్తే వాసన చూసి వదిలేసింది.

ఐసు అరలో పెట్టమన్నావు. నా ఇంట్లో ఫ్రిజ్ లేదు. మేరి ఇంట్లో ఉంది. కానీ పెట్టలేదు. అది తింటోంది. తింటున్నదాన్ని తీసుకుపోయి గడ్డకట్టించడం నా వల్ల కాదు. పురుగు ఆయువు ఎంత ఉంటుంది? దానంతట అది పోయినాక పంపుతాను.

నా పేరు పెట్టవద్దు. ఆదోని మార్కెట్లో పురుగు అంటే పత్తి రైతుకు అన్నం దిగదు. ఆ పేరు నాకు వద్దు.

పెళ్ళి రోజు నాకు ఏమీ మనసు నొవ్వలేదు. భోజనం బాగుంది.

ఇట్లు
ఆంజనేయులు


బెంగళూరు,
14 జూలై 2024.

మామా,

మీ ఉత్తరం నిలబడే చదివాను. లాబ్‌లో అందరికీ చదివి తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో మూడుసార్లు చెప్పాను. మనిషిని వెతకమంటే పురుగు దొరకడం మా మేడం సర్వీసులో ఎప్పుడూ జరగలేదట. ఆ పసుపు పొడి చాలా ముఖ్యం. కొన్ని జీరంగులకు పెంకు గుంటల్లో మైనంలాంటి పొడి ఊరుతుంది. తాకితే రాలిపోతుంది. అగ్గిపెట్టెలో ఉన్నదానికి రాలిపోయి గుంటలే మిగిలాయి. నేను ఆ గుంటలనే చూసి వర్ణన రాసి పెట్టుకున్నాను.

కానీ మామా, దాని ఆయువు ఎంతో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. కొన్ని వారాలు కావచ్చు, వానలు పోయేదాకా కావచ్చు. ఈలోగా ఎగిరిపోవచ్చు, పొడి రాలిపోవచ్చు, చీమలు పట్టవచ్చు. నాకు ఆగస్టు చివరి దాకానే గడువు. మిమ్మల్ని తొందరపెట్టడం నాకు ఇష్టం లేదు, అయినా పెడుతున్నాను.

ఇంకొక సంగతి. మీ ఉత్తరం అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. బంట్రోతు మాట దగ్గర నవ్వింది. చెవుల మాట దగ్గర "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. తర్వాత ఫోన్ పెట్టేసింది. ఏమనుకుందో నాకు తెలియదు. మీరు ఎవరికీ ఎందుకు చెప్పలేదు మామా? ఒకటిన్నర చెవి పోవడం చెప్పుకోవలసిన సంగతి కాదా?

మీ
వర్షిణి


ఆదోని,
26 జూలై 2024.

చిరంజీవి వర్షిణికి ఆశీస్సులు.

అక్క వచ్చింది. నీవు ఉత్తరం చదివి వినిపించిన మూడో రోజే వచ్చింది. నీకు చెప్పవద్దని గిరిధర్‌కు చెప్పి వచ్చిందట. ఇప్పుడు రాయమంటోంది.

తలుపు చాలాసేపు కొట్టిందట. నేను పెరట్లో డబ్బా తుడుస్తున్నాను. మేరి బయటికి వచ్చి, "ఆయనకు వినపడదమ్మా, ఊరకే సెయ్యి నొప్పి పెట్టుకోవద్దు" అని తన గోడ మీదుగా లోపలికి దించిందట. నేను తల ఎత్తేసరికి అక్క ఎదురుగా నిలబడి ఉంది. చీరకు గోడ సున్నం అంటుకుంది.

"పెండ్లిలో కూడా వినపడలేదా?" అంది.

లేదన్నట్టు తల ఊపాను.

"సెప్పొచ్చు కదరా ఆంజీ."

"ఏమని సెప్పేది?"

"నాకు చెవుడు వచ్చిందక్కా అని. నోరుందిగదా, దానికీ చెవుడొచ్చెనా?"

 ఆమె అడిగింది పూర్తిగా అర్థం కావడానికి చెవి అక్కరలేదు. ఆమె మాట్లాడితే పెదవులు చూస్తే నాకు చాలు. చిన్నప్పుడు నాన్న ఎదుట శబ్దం రాకుండా మాట్లాడుకునేవాళ్ళం. ఆ అలవాటు పోలేదు.

తర్వాత డబ్బా చూపించాను. మూతకు గుడ్డ కట్టి ఉంచాను. వంగి చాలాసేపు చూసింది. "ఏమి నాయనా బంట్రోతూ, ఇన్నేండ్లు యాడ ఉద్యోగం సేస్తాంటివి?" అని అడిగింది. రెండు డవాలీలు ఎందుకంటే ఒకటి తాలూకాఫీసుది, ఒకటి కోర్టుది అని చిన్నప్పుడు చెప్పేది. నేను నమ్మేవాణ్ణి. ఇప్పుడు మళ్ళీ అదే చెప్పింది.

నీవు వర్ణన అన్నావు కాబట్టి బతికి ఉండగా కనిపించింది రాస్తున్నాను. అలంకారాలు నాకు రావు. పొడవు బొటనవేలంత. నలుపు, కానీ ఎండలో చూస్తే లోపల ఆకుపచ్చ ఉంది. డవాలీ పసుపు పొద్దున ముదురుగా ఉంటుంది, సాయంత్రానికి కొంచెం తగ్గుతుంది. మరునాడు పొద్దుటికి మళ్ళీ నిండుతుంది. మీసాలు చిన్న రంపాల్లా ఉన్నాయి. కాళ్ళు ఇటుకరంగు. ఆకును అంచు నుంచి తింటుంది, మధ్యలో బొక్క పెట్టదు. నీడ పడితే కదలకుండా ఉంటుంది. అక్క పాడితే కూడా అలాగే ఉంటుంది. ఆమె పాడుతోందని దాన్ని చూసే నాకు తెలిసింది.

తెల్లతుమ్మ ఆకు కోసం రోజూ సాయంత్రం ఇద్దరం కొండవైపు పోతున్నాం. ముళ్ళు ఇప్పటికీ నాకే.

ఇంకొంచెం ఆగు పాపా. అది ఇప్పుడిప్పుడే బాగా తింటోంది.

ఇట్లు
ఆంజనేయులు


బెంగళూరు,
2 ఆగస్టు 2024.

మామకు, అమ్మకు నమస్కారాలు.

ఒక ఉత్తరంలో మీ ఇద్దరికీ కలిపి రాస్తానని నేను అనుకోలేదు. రాస్తుంటే బాగుంది. అమ్మ పాట సంగతి మాత్రం వర్ణనలో పెట్టలేను.

దాచకుండా చెప్తాను మామా. మేడంను ఇంకో నెల అడిగాను. కుదరదన్నారు. ఇదే జాతి జీరంగుల మీద వేరే ఊళ్ళో ఇంకొకరు పని చేస్తున్నారు. వాళ్ళకు ఇది దొరికితే ముందు వాళ్ళు అచ్చు వేస్తారు. ముందు ఎవరు వర్ణిస్తే పేరు వాళ్ళదే. అప్పుడు ఇది బంట్రోతు కాదు, ఇంకేదో అవుతుంది.

అయినా మీరు చేయలేని పని మిమ్మల్ని చేయమనను. మొన్న మీ ఉత్తరం మళ్ళీ చదివాను. పొడి మళ్ళీ నిండుతుందని రాశారు కదా. నేను వందల పురుగులను సూదితో గుచ్చాను. ఒక్కదాన్ని కూడా పొద్దునా సాయంత్రం కూర్చుని చూడలేదు. మీరు దాన్ని వదిలేస్తానంటే వదిలేయండి. నేను వేరే అధ్యాయం రాసుకుంటాను. కొంచెం ఏడుస్తాను, తర్వాత రాసుకుంటాను.

ఏది చేసినా నాకు ముందు చెప్పండి.

మీ
వర్షిణి


ఆదోని,
13 ఆగస్టు 2024.

చిరంజీవి వర్షిణికి ఆశీస్సులు.

దీనితో పాటు పార్సిలు ఒకటి వస్తుంది. జాగ్రత్తగా తెరువు. ముందు చెప్పమన్నావు. నాకే ముందు తెలియలేదు.

నీ ఉత్తరం ఇద్దరం చదివాం. నేను చదివి మడిచి పెట్టాను. అక్క మళ్ళీ తీసి చదివింది. వదిలేద్దాం, కైరుప్పలలో ఆ చెట్టు మీదే వదిలి వద్దాం అన్నాను.  మరుసటి ఉదయం నేను పాలకు పోయి వచ్చేసరికి డబ్బా లేదు.

మేరి ఇంట్లో పెట్టిందట. మేరి, "కూరగాయల పక్కన పురుగా అమ్మా?" అంటే, "మా పురుగు మీ వంకాయల్లో ఉండేదానికంటే శుభ్రమైంది" అందట. డబ్బా తెరవలేదు, తాకలేదు. గుడ్డతో సహా అలాగే పెట్టింది. అందువల్ల డవాలీ రాలలేదు.

ఆ పూట నేను అక్కతో మాట్లాడలేదు. ఆమె ఏదో అంటే గోడవైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె వచ్చి నా ముందర కూర్చుంది. నేను ఇంకోవైపు తిరిగాను. అటు కూడా వచ్చి కూర్చుంది. "ఇది చెవుడు కాదు, పొగరు" అంది.

"పాపం కదక్కా" అన్నాను.

"నీకు తగలకూడదనే నువ్వు లేనప్పుడు చేసినా. తగిలితే నాకే తగల్నీ. బిడ్డ నాది. నాలుగేండ్లు కండ్లు పోగొట్టుకుని చదివింది."

"వదిలేయమని అదే రాసింది గదా."

"రాస్తాది. నీ మేనకోడలు కదా, నోటికి వచ్చింది మింగి, రానిది రాస్తాది." మళ్ళీ తనే అంది. "అగ్గిపెట్టెలోది ఎట్ల పోయిందనుకుంటివి? మనమే మూసి పెట్టి పోగొట్టుకుంటిమి. ఆకు వేసేది మరిచి జాతరకు పోతిమి. అప్పుడు పేరు పెట్టి ఆడుకుంటిమి. ఇప్పుడు పేరు పెట్టి నిలబెడతారంట. అదన్నా కానీ."

నాకు జాతర సంగతి గుర్తు లేదు. ఆమెకు గుర్తుంది. ఇన్నేళ్ళు ఆ అగ్గిపెట్టెను పారేయకుండా ట్రంకులో ఎందుకు పెట్టుకుందో అప్పుడు అర్థమైంది. సాయంత్రం ఇద్దరం కలిసి దూదిలో పెట్టాం. చీటీ నేను రాశాను. కైరుప్పల, ఊరి బయట, తెల్లతుమ్మ, తేదీ.

పాత ఆకులు పారేస్తుంటే డబ్బా అడుగున బియ్యపు గింజల్లాంటివి కనిపించాయి. గుడ్లని అక్క అంటోంది. అంటే అది బంట్రోతు కాదు, బంట్రోతు పెళ్ళాం. వీటిని ఏం చేయాలో వెంటనే రాయి. ఇవి ఏ అరలోనూ పెట్టేది లేదని అక్క కూడా చెప్పమంది.

ఇట్లు
ఆంజనేయులు


బెంగళూరు,
21 ఆగస్టు 2024.

మామకు, అమ్మకు,

పార్సిలు చేరింది. ఒక్క మీసం కూడా విరగలేదు. డవాలీ అలాగే ఉంది. మేడం భూతద్దం కింద చూసి, తల ఎత్తకుండానే "సంతకం పెడతాను" అన్నారు. నేను బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాను. సంతోషమే. అయినా అది ఆకును అంచు నుంచి తినేదని తెలిసి ఉండటం వల్ల మామూలుగా వచ్చేంత సంతోషం రాలేదు. అమ్మా, నీవు చేసింది నా పని. ఇంకెప్పుడూ నా పని నీ చేత చేయించను.

వర్ణన పూర్తయింది. మీ కోసం కొంత తెలుగులో రాస్తున్నాను. "దేహం నలుపు, వెలుతురులో పచ్చ ఛాయ. పెంకుల మీద భుజం నుంచి మధ్యకు ఏటవాలుగా దిగే గుంటల పట్టీ, బతికి ఉండగా పసుపు పొడితో నిండి ఉంటుంది. పొడి రాలినా మరునాటికి మళ్ళీ ఊరుతుంది. కాళ్ళు ఇటుకరంగు. ఆహారం తెల్లతుమ్మ ఆకు. దొరికిన చోటు: కైరుప్పల, కర్నూలు జిల్లా. సేకరించినవారు: ఆంజనేయులు, రాజేశ్వరమ్మ." మీ ఉత్తరంలోని మాటలే చాలావరకు. సేకరించినవారిలో అమ్మ పేరు కూడా వేశాను. శాస్త్రీయ నామంలో రెండో మాటగా బంట్రోతు అనే పెట్టాను. ఎందుకు పెట్టానో కింద ఒక వాక్యం రాశాను. "దేశం మీద పడి చదివి బంట్రోతని పెడతావా, ఆఫీసరని పెట్టు" అని అమ్మ ఫోన్లో అంది. మార్చలేదు.

గుడ్లను వెంటనే ఆ చెట్టు మొదట్లోనే మట్టిలో, వేళ్ళకు దగ్గరగా, పైపైన పెట్టండి. ఈ జాతి పిల్లలు నేలలో వేళ్ళు తిని పెరుగుతాయి. ఎంతకాలం ఉంటాయో, ఎప్పుడు పైకి వస్తాయో ఎవరూ చూడలేదు. వర్ణన చివర 'జీవన క్రమం' అని ఒక వరస ఉంటుంది. అక్కడ ఏం రాయాలో తోచక 'తెలియదు' అని పెట్టాను. అది చూస్తే ఏదో వెలితిగా ఉంది. మీకు ఏమైనా తోస్తే రాయండి. నెలాఖరు దాకా మార్చవచ్చు.

మీ
వర్షిణి


ఆదోని,
27 ఆగస్టు 2024.

చిరంజీవి వర్షిణికి ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన మరునాడే ఇద్దరం కైరుప్పల పోయాం. గుడ్లను తడి మట్టిలో పెట్టి, అక్క ఒడిలో పెట్టుకుని తీసుకుపోయింది. బస్సులో ఎవరో ప్రసాదమా అని అడిగారు. "కాదు నాయనా, సంసారం" అంది.

చెట్టు మొదట్లో నేను తవ్వాను. ఆమె పెట్టింది. తిమ్మన్న కర్ర పట్టుకుని కూతురితో కలిసి చూడటానికి వచ్చాడు. "ఏం పూడ్చి పెడతాండారప్పా?" అని అరిచాడు. అక్క చెప్పింది. ఆయనకు వినపడలేదు. మళ్ళీ చెప్పింది. నేను కూడా ఆమె ఏమందని అడిగాను. "ఇద్దరు చెవిటోళ్ళ మధ్య నా గొంతు అరిగిపోతాంది" అని అక్కడే కూర్చుని నవ్వింది. ఆ చెట్టు ఊరివాళ్ళదే. కొట్టనీయమని తిమ్మన్న కూతురు మాట ఇచ్చింది. ఎండలకు నీళ్ళు పోస్తానంది.

అక్క రేపు ఎమ్మిగనూరు పోతోంది. మీ నాన్నకు జావ తప్ప ఏమీ చేసుకోవడం రాదట. నన్ను కర్నూలులో చెవుల డాక్టరుకు చూపిస్తానని గిరిధర్ వస్తాడట. వద్దన్నాను. అక్క వినపడలేదన్నట్టు ఊరుకుంది. వచ్చే ఏడు వానలు పడగానే ఇద్దరం కైరుప్పల పోవాలని అనుకున్నాం. ఆ ఏడు అవి పైకి రాకపోతే ఆ మరుసటి ఏడు.

నీవు అడిగిన వరస గురించి ఆలోచించాను. తెలియదు అనే ఉంచు. అది నిజం. చూస్తున్నాము అని కూడా రాయడానికి మీ పద్ధతిలో వీలుంటే, దాని పక్కన అది రాయి.

ఇట్లు
ఆంజనేయులు